రెండు రౌండ్ల కాడ ఆగే ఉరుకుడు

హనుమకొండ జేఎన్ స్టేడియంకు పొద్దుగాల ఐదున్నరకు పోతే కానిస్టేబుల్ జాబ్‌కు ప్రిపేర్ అయ్యే పిలగాళ్లు, ఆడపిల్లలు ఉరుకుకుంట కనబడ్తరు. పిలగాళ్లు నాలుగు రౌండ్లు, ఆడపిల్లలు రెండు. ఎందుకంటే 2022 నోటిఫికేషన్‌లో మగోళ్లకు 1600 మీటర్లు, ఆడోళ్లకు 800 పెట్టిండ్రు, అంతకుముందు 2018లో అయితే ఆడోళ్లకు 100 మీటర్లే. మొన్నొకామె చున్నీ నడుముకు బిగించి కట్టుకుని రెండో రౌండ్ కాంగనే ఫోన్‌లో టైం చూసుకుని టక్కున ఆగింది, రొప్పుడు లేదు ఏం లేదు, పక్కామెతోని నవ్వుకుంట ముచ్చట పెట్టింది.

అటు వాట్సాప్‌లో చూస్తే "దూరం పెరిగితే ఆడోళ్లు మగోళ్లను దాటేస్తరు" అని మెసేజ్‌లు తిరుగుతున్నయ్. ఇందులో నిజమెంతనో తెల్వాలంటే జర ఎనక్కి పోవాలె.

ఈ 800 మీటర్లకే పెద్ద కథ ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడోళ్లకు మొదటిసారి 800 పెట్టిండ్రు, ఫైనల్‌లో తొమ్మిది మంది ఉరికిండ్రు, తొమ్మిది మందీ పూర్తి చేసిండ్రు, గెలిచిన లీనా రాడ్కే వరల్డ్ రికార్డ్ కూడా కొట్టింది. కానీ గీత దాటినంక కొందరు కింద పడితే పేపరోళ్లు అయ్యో పాపం, సగం మంది మధ్యలనే ఆగిండ్రు అని లేనిది కూడా కలిపి రాసిండ్రు. గంతే, ఆ రేసు తీసేసిండ్రు, మళ్లా 1960 రోమ్ దాక పెట్టలే. మగోళ్లు పడితే మాత్రం వీరుడు అని రాసేటోళ్లు, అది వేరే సంగతి.

మారథాన్ కూడా అంతే. 1967లో బోస్టన్‌లో క్యాథ్రిన్ స్విట్జర్ నంబర్ కట్టుకుని ఉరుకుతుంటే నిర్వాహకుడే ఎంబడివడి గుంజబోయిండు. అక్కడ 1972లో పర్మిషన్ వచ్చింది, ఒలింపిక్స్‌లో 1984 దాక ఆగాల్సి వచ్చింది. సౌతాఫ్రికాలో 90 కిలోమీటర్ల దగ్గర్ల ఉండే కామ్రేడ్స్ అనే రేసు 1921 నుంచి నడుస్తుంటే ఆడోళ్లను అధికారికంగా తీసుకున్నది 1975లో.

అంటే మగోళ్లు దశాబ్దాల సంది ఉరుకుతున్న రేసులకు వీళ్లు మొన్నమొన్న వచ్చిండ్రు, రాంగనే రికార్డులు దబదబా పడిపోయినయ్. అది చూసి 1992లో ఇద్దరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఆ లెక్క గీతను ముందుకు గుంజి 1998 వరకు మారథాన్‌లో ఆడోళ్లు మగోళ్లను అందుకుంటరు అన్నరు. పిలగాడు ఏడాదికి మూడించులు పెరుగుతుండని అదే గీత గీసుకుంట పోతే యాభై ఏండ్లకు ఇంటి కప్పును దాటుతడు కదా! ఆ లెక్క కూడా గట్లనే తప్పింది, ఆడోళ్ల మారథాన్‌ల పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో కొట్టిన 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లు 2019 దాక ఎవరూ దాటలే. 1997లో సౌతాఫ్రికా నుంచి ఇంకో లెక్క వచ్చింది, 66 కిలోమీటర్లు దాటితే ఆడోళ్లే ముందుంటరని.

ఇప్పుడు తిరుగుతున్న మాటకు అసలు మూలం 2020లో వచ్చిన ఒక రిపోర్ట్. 50 లక్షలకు పైగా రిజల్ట్స్ తీసి, 195 మైళ్లు దాటిన రేసుల్లో ఆడోళ్ల సగటు వేగం 0.6 శాతం ఎక్కువ అన్నరు. 195 మైళ్లంటే వరంగల్ నుంచి హైదరాబాద్ పోయి మళ్లొచ్చినా ఇంకా కొంచెం మిగులుతది. లెక్క కరెక్టే గానీ అది సగటు. అంత పెద్ద రేసులకు మగోళ్లు చూద్దాం తియ్ అని కూడా గుంపులుగా వస్తరు, ఆడోళ్లు తక్కువ మంది, అదీ బాగా తయారైనోళ్లే వస్తరు. టాప్‌లో చూస్తే కథ వేరే. 24 గంటల్లో మగోళ్లల్ల సోరోకిన్ 2022లో 319 కిలోమీటర్లు ఉరికిండు, ఆడోళ్లల్ల సారా వెబ్‌స్టర్ 2025లో 278. దగ్గర దగ్గర పదమూడు శాతం తేడా, మారథాన్‌ల ఉన్న తేడా కంటే ఎక్కువనే. రక్తంలో హిమోగ్లోబిన్, కండ, గుండె సైజు, ఇవన్నీ దూరం పెరిగితే మాయం కావు.

మరి ఆడోళ్లు మొత్తం రేసే గెలిచినయ్ లేవా అంటే ఉన్నయ్. 2002లో, మళ్లా 2003లో ఎండకు పేరుపడ్డ బ్యాడ్‌వాటర్ రేసును పామ్ రీడ్ గెలిచింది. 2017లో మోయాబ్ 240 మైళ్ల రేసులో కోర్ట్నీ డావాల్టర్ రెండో ఆయన కంటే పది గంటల ముందు వచ్చింది. గసొంటి రేసుల్లో ఒట్టి స్పీడ్‌తోని పని కాదు, కడుపు తిండిని పట్టాలె, నిద్ర ఆపుకోవాలె, మొదట్లనే ఎగిరిపడొద్దు, ఇక్కడ ఆడోళ్లు చివర్ల తక్కువ డల్ అయితరని, కొవ్వును బాగా వాడుకుంటరని అంటరు.

నాకు మాత్రం జాస్మిన్ పారిస్ ముచ్చటనే మనసుల పడ్డది. 2019 జనవరిలో ఇంగ్లండ్ కొండల మీద 268 మైళ్ల స్పైన్ రేసు, చలి, చీకటి, ఇంట్ల పాలు తాగే బిడ్డ. చెక్‌పాయింట్ కాడ మిగిలినోళ్లు తిని ఒక కునుకు తీస్తే ఈమె ఆ టైంల పాలు పిండుకోవాలె. అయినా 83 గంటల 12 నిమిషాల్లో అందరి కంటే ముందొచ్చింది, పాత రికార్డు కంటే 12 గంటలు తక్కువ.

2024 మార్చిలో అమెరికాలో బార్క్‌లీ రేసుకు పోయింది, ఆడోళ్లతోని అయ్యే పని కాదని దాన్ని పెట్టినాయనే అనేటోడు. టైం లిమిట్ 60 గంటలు. 99 సెకన్లు ఉందనంగ, రేసు ఆఖరు గీత లెక్క ఉండే పసుపు గేటు ముట్టి అక్కడనే కూలబడ్డది. 1928లో పడ్డట్టే. ఈసారి ఆ ఫొటో చూసి రేసు తీసెయ్యాలని ఎవరూ రాయలే.