తలుపుతో మొదలయ్యే గ్యారేజీ

ఊరి వెలుపల సొంత భూమి ఉన్నవారు పెద్ద గ్యారేజీ కట్టుకోవాలనుకున్నప్పుడు కాగితం మీద మొదట గీసేది నాలుగు గోడలు. తలుపు ఎక్కడ, ఎంత అన్న ప్రశ్న చివర్లో వస్తుంది. ఈ వరుస తిరగబడాలని నా అభిప్రాయం. ఇంటికి తలుపు అంటే గోడలో ఒక చిన్న ఖాళీ. గ్యారేజీలో మాత్రం ఒక వైపు గోడ దాదాపు మొత్తం తలుపే. బండి తిరగడానికి కావలసిన జాగా, పై దూలం మందం, గాలివానకు కప్పు నిలబడటం, వరదనీరు లోపలికి రాకపోవడం ఆ ఖాళీని బట్టే తేలతాయి.

మామూలు కారు గుండ్రంగా ఒక చుట్టు తిరగడానికి 10 నుంచి 12 మీటర్ల వ్యాసమున్న జాగా కావాలి. అంటే తలుపు ముందు ఏడెనిమిది మీటర్లు ఖాళీ లేకపోతే, బండిని బయటికి తీసిన ప్రతిసారీ ముందుకూ వెనక్కూ నాలుగైదు సార్లు నడపాల్సి వస్తుంది. వెనుక ట్రెయిలర్ తగిలించే అలవాటుంటే ఆ ఖాళీ కూడా చాలదు. అద్దాలతో కలిపి సుమారు 2 మీటర్ల వెడల్పుండే కారుకు 2.5 మీటర్ల తలుపు సరిపోతుంది గానీ, 3 మీటర్లున్నప్పుడే అది మనసుకు నిశ్చింతగా ఉంటుంది.

అలాగని ఒకే తలుపును 6 మీటర్లకు పెంచుదామంటే భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది. సమంగా పరుచుకున్న బరువు కింద దూలం ఎంత వంగుతుందన్నది దాని పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. పొడవు రెట్టింపైతే, అదే దూలం పదహారు రెట్లు వంగుతుంది. ఆ వంపును మునుపటి స్థాయికి తేవాలంటే దూలం ఎత్తును రెండున్నర రెట్లు పెంచాలి. దూలం విరగడం దాకా వ్యవహారం వెళ్లదు. అంతకు చాలా ముందే అది ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగి, షట్టరు పట్టాల మధ్య ఇరుక్కుంటుంది. నడుమ ఒక స్తంభం పెట్టి రెండు 3 మీటర్ల తలుపులు పెట్టుకోవడమే నాకు తెలివైన పనిగా తోస్తుంది.

తలుపున్న వైపు మరో బలహీనత కూడా ఉంది. అగ్గిపెట్టె లోపలి అరను తీసేసి, పై తొడుగును వేలితో పక్కకు తోసి చూడండి; నలుచదరంగా ఉన్న నోరు వాలిపోయి చదునవుతుంది. నాలుగు భుజాల ఆకారానికి మూలల దగ్గర బిగువు లేకపోతే కోణాలు మారిపోతాయి, భుజాల పొడవులు మాత్రం మారవు. త్రిభుజంలో భుజాల పొడవు మారకుండా కోణం మారడం అసాధ్యం. అందుకే మిగిలిన మూడు గోడల్లో ఏటవాలు కడ్డీలు వేస్తారు. తలుపున్న వైపు అవి వేయడానికి చోటుండదు కాబట్టి, తలుపుకు ఇరుపక్కలా కనీసం కొంత గట్టి గోడనైనా మిగల్చాలి, లేదా స్తంభమూ దూలమూ కలిసే మూలను అసలు కదలనంత దృఢంగా బిగించాలి.

గాలి విషయానికి వస్తే, చాలామంది కప్పు కింద పడుతుందని భయపడతారు. నిజానికి రేకుల కప్పు పైకి ఎగిరిపోతుంది. ఉదాహరణకు 9 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉన్న గ్యారేజీని తీసుకుందాం. సెకనుకు 40 మీటర్ల వేగంతో, అంటే గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు మీద చూపే పీడనం సుమారు 960 పాస్కల్‌లు. ఇది దాదాపు 98 కిలోల బరువుతో సమానం. కప్పు మీదుగా జారే గాలి రేకులను పైకి పీలుస్తుంది. అదే సమయంలో తలుపు తెరిచి ఉంటే, లోపలికి చొరబడిన గాలి మరో దారి లేక కప్పును కింది నుంచి తోస్తుంది. ఈ రెండూ కలిసి పూర్తి పీడనానికి సమానమైతే 108 చదరపు మీటర్ల కప్పును దాదాపు పదిన్నర టన్నుల బలం పైకి లాగుతుంది. అర మిల్లీమీటరు మందం ఉక్కు రేకు చదరపు మీటరుకు 4 కిలోలైనా తూగదు. అడ్డ కమ్ములతో కలిపినా కప్పు మొత్తం బరువు ఒకటి రెండు టన్నులకు మించదు. కాబట్టి రేకును కమ్మికి, కమ్మిని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని పునాదిలోని బోల్టులకు కట్టిన గొలుసులో ఏ ఒక్క లంకె సడలినా మిగిలినవి ఎంత గట్టివైనా ఉపయోగం లేదు.

ఇక నేల. నేను పైన ఎంచుకున్న కొలతల్లో ఒక సౌకర్యం ఉంది. 9, 12 భుజాలుగా ఉన్న లంబకోణ త్రిభుజానికి కర్ణం సరిగ్గా 15. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, దారం కట్టి, ముగ్గు పోసే ముందు రెండు కర్ణాలనూ టేపుతో కొలిచి చూస్తే, రెండూ 15 మీటర్లు వచ్చినప్పుడు మూలలన్నీ లంబకోణాలే. చిన్న మూలమట్టంతో పెద్ద స్థలాన్ని సరిచూడటం కంటే ఇది ఎంతో నమ్మకమైన పద్ధతి.

పైనున్న సారవంతమైన మట్టిని పూర్తిగా తోడేయాలి, ఎందుకంటే అందులోని వేర్లు, ఆకులు కుళ్లేకొద్దీ నేల కుంగుతుంది. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు బీటలిచ్చే గుణం కలది కాబట్టి దాని మీద నేరుగా గచ్చు వేయడం మరీ ప్రమాదం. ఆ చోట గ్రావెల్ వంటి ఉబ్బని మట్టి నింపి, 15, 20 సెంటీమీటర్ల పొరలుగా దిమ్మిస కొట్టాలి. మట్టి పొడిగా ఉంటే రేణువులు ఒకదాని మీద ఒకటి జారవు, తడి ఎక్కువైతే నీరే వాటి మధ్య చోటు ఆక్రమిస్తుంది. నడుమ ఏదో ఒక తేమ దగ్గర మట్టి అత్యంత గట్టిగా కూరుకుంటుందని అమెరికా ఇంజనీరు రాల్ఫ్ ప్రాక్టర్ 1933లో చూపించాడు. నీరు పల్లమెరుగు కనుక, గచ్చును చుట్టూ ఉన్న నేల కంటే 15 సెంటీమీటర్లయినా మెరకగా ఉంచి, తలుపు వైపు మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఇవ్వాలి. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఈ కప్పు మీద నుంచే 5400 లీటర్ల నీరు దిగుతుంది, అది తలుపు ముందు పడకుండా పక్క వాలుల నుంచి మళ్లించాలి.

కారు బరువుకు కాంక్రీటు నలిగిపోతుందన్న అనుమానం అక్కర్లేదు. టైరు నేలను తాకే చోట ఒత్తిడి ఇంచుమించు టైరులోని గాలి పీడనమంతే, అంటే 0.22 మెగాపాస్కల్‌లు (మెగాపాస్కల్ అంటే పది లక్షల పాస్కల్‌లు). సాధారణ కాంక్రీటు అణచివేతను 25 మెగాపాస్కల్‌ల దాకా తట్టుకుంటుంది. కానీ లాగుడును తట్టుకునే శక్తి అందులో పదోవంతే. కింద మట్టి ఒక చోట కుంగితే గచ్చు వంగుతుంది, వంగిన చోట అడుగు భాగం సాగి చిట్లుతుంది. పైగా ఆరేకొద్దీ కాంక్రీటు మీటరుకు సుమారు అర మిల్లీమీటరు చొప్పున కుంచించుకుపోతుంది. 12 మీటర్లకు ఇది 6 మిల్లీమీటర్లు. చీలిక ఎలాగూ తప్పదు గనుక, అది ఎక్కడ రావాలో మనమే నిర్ణయించడం మేలు. 15 సెంటీమీటర్ల మందం గచ్చును పొడవున మూడు, వెడల్పున రెండు భాగాలుగా, మొత్తం ఆరు గళ్లుగా విభజించి, గట్టిపడ్డ మర్నాటిలోగానే 4 సెంటీమీటర్ల లోతున రంపంతో గాడి కోస్తే, చీలిక ఆ గాడి అడుగునే దాక్కుంటుంది. తర్వాత కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకూడదు. సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీటితో జరిగే రసాయన చర్య వల్ల.

కట్టడం పూర్తయ్యాక కొందరిని ఆశ్చర్యపరిచేది లోపలి వాన. రాత్రి నిర్మలాకాశం కింద రేకు తన వేడిని ఆకాశానికి వెదజల్లి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. తేమతో నిండిన గాలి 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే. మన గ్యారేజీ ఎత్తు 4 మీటర్లనుకుంటే, ఈ తేడా వల్ల ఐదున్నర లీటర్ల నీరు రేకు అడుగున బొట్లుగా కట్టి పనిముట్ల మీద రాలవచ్చు. రేకు కింద ఉష్ణనిరోధక పొర, గచ్చు కింద పరిచిన పాలిథీన్ పట్టా, గాలి మారేందుకు దారి ఉంటే ఇది చాలావరకు ఆగుతుంది.

విద్యుత్తు గురించి ఒక్క మాట. ఇంటి నుంచి 100 మీటర్ల దూరానికి 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి 30 ఆంపియర్లు వాడితే, పోను రాను దారిలో 10 వోల్టులు పోతాయి. వెల్డింగు యంత్రం, కంప్రెసరు పెట్టే ఉద్దేశముంటే తీగ మందాన్ని ముందే పెంచుకోవాలి.

చివరిగా మళ్లీ తలుపు దగ్గరికే రావాలి, ఈసారి అది మూసి ఉన్నప్పుడు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి వాసన ఉండదు. పెట్రోలు ఆవిరి మరో తరహా శత్రువు. గాలి కంటే బరువైనది కాబట్టి అది గచ్చు మీద పాకి, పల్లంలో, ముఖ్యంగా బండి కిందికి దిగి పని చేసుకునే గుంతలో నిలుస్తుంది, ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. నన్నడిగితే ఆ గుంతే వద్దంటాను. ప్లగ్ సాకెట్లను నేలకు 45 సెంటీమీటర్ల కంటే పైనే పెట్టాలి, గాలి రంధ్రాలను కప్పు దగ్గర మాత్రమే కాక ఎదురెదురు గోడల్లో గచ్చుకు జానెడు ఎత్తులో కూడా వదలాలి; ఇవి గోడ లేచాక పగలగొట్టి పెట్టుకునేవి కావు, కాగితం మీద తలుపు గీసినప్పుడే గీసుకోవలసినవి.