గింజలు చల్లడం తేలిక, పళ్లెం కడగడమే అసలు పని: పెరటి మేతపై అపోహలు – వాస్తవాలు

పెరట్లో ఓ పళ్లెం పెట్టి గుప్పెడు గింజలు చల్లితే చాలు, పిట్టలు వాటంతటవే వస్తాయి. వెనకే ఉడుతలూ వస్తాయి. మేత గురించి వినిపించే సలహాలన్నీ దాదాపు ఇక్కడితో ఆగిపోతాయి: ఏం పెట్టాలి, ఎలా రప్పించాలి. అవి తిని వెళ్లాక పళ్లెంలోనూ, దాని కింద నేల మీదా ఏం మిగిలిందో చూసేవాళ్లు తక్కువ. మనం చేసింది మేలా కీడా అన్నది తేలేది మాత్రం అక్కడే.

అపోహ: గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి

సాయంత్రానికి ఖాళీ కావాలి. ఎంత పెట్టాలన్నది గిన్నె సైజును బట్టి కాదు, అది ఎంతసేపట్లో అయిపోతుందన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. మొదట గుప్పెడు గింజలతో మొదలుపెట్టండి. చీకటి పడేవేళకు మిగిలితే మర్నాడు సగానికి తగ్గించండి. గంటలోనే అయిపోతే కాస్త పెంచండి. వారం రోజుల్లో మీ పెరటి లెక్క మీకే తెలిసిపోతుంది.

రాత్రికి మిగిలిన గింజ ఎలుకల పాలవుతుంది. ఎలుకలు మరిగితే వాటి కోసం పాములు వస్తాయి. అప్పుడు చాలామంది చేసే పని ఎలుకల మందు పెట్టడం. బ్రోడిఫాకమ్ లాంటి మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. వాటిని తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులపాటు నీరసంగా, తూలుతూ తిరుగుతుంది. గుడ్లగూబకు అంతకంటే తేలికగా దొరికే ఆహారం ఉండదు. ఆ మందు ఎలుక కాలేయంలో నిలిచి ఉంటుంది కాబట్టి, తిన్న గుడ్లగూబకూ అదే గతి పడుతుంది. పిచ్చుకలకని వేసిన గింజలు గుడ్లగూబ ప్రాణం మీదికి తెచ్చే దారి ఇదే.

పళ్లెం అడుగున నాలుగైదు చిన్న రంధ్రాలు ఉండాలి. లేకపోతే వాన నీళ్లు నిలిచి గింజలు ఉబ్బుతాయి, మొలకెత్తుతాయి, బూజు పడతాయి. కింద రాలిన పొట్టును రెండు మూడు రోజులకోసారి ఊడ్చేయండి. కొన్ని వారాలకోసారి పళ్లేన్నే నాలుగడుగులు పక్కకు జరిపితే ఆ నేలకూ ఎండ తగులుతుంది.

అపోహ: అడవిలో వాటికి పళ్లేలు ఎవరు కడుగుతున్నారు?

అడవిలో అవి జానెడు జాగాలో యాభై పక్షులు చేరి, రోజూ అక్కడే రెట్టవేస్తూ అక్కడే తినవు. పెరటి పళ్లెం దగ్గర సరిగ్గా అదే జరుగుతుంది. 1994లో అమెరికా తూర్పు ప్రాంతంలో హౌస్ ఫించ్ పక్షులకు కళ్లు వాచి, మూసుకుపోయే జబ్బు కనిపించింది. కారణం మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా. పక్షులన్నీ తల దూర్చే ఫీడర్ల (మేత డబ్బాల) దగ్గర అది సులువుగా అంటుకుంది. బ్రిటన్‌లో 2005 నుంచి ట్రైకోమోనాసిస్ అనే పరాన్నజీవి జబ్బు గ్రీన్‌ఫించ్ పిట్టల సంఖ్యను బాగా దెబ్బతీసింది. ఆ పరాన్నజీవి గొంతులో పెరుగుతుంది. పక్షి మింగలేక కక్కిన తడి గింజను ఇంకో పక్షి తింటే దానికీ అంటుకుంటుంది.

గొట్టంలా ఉండే ఫీడర్లతో పేచీ ఎక్కువ. పాత గింజల మీదే కొత్తవి పోస్తూ పోతాం. పై నుంచి చూస్తే అంతా తాజాగానే కనిపిస్తుంది. అడుగు మూత విప్పితే చివరి రంధ్రం కింద, పక్షి ముక్కు అందని చోట, రెండు వేళ్ల మందాన గింజలు గట్టిగా అట్టకట్టి నల్లబడి ఉంటాయి, ముక్క వాసన వేస్తాయి. ఆ అడుగు మూత విప్పడానికి వీల్లేని ఫీడర్ ఎంత అందంగా ఉన్నా కొనకండి.

కడిగే పద్ధతి ఇది. ముందు మిగిలిన గింజలన్నీ పారబోసి, సబ్బు నీళ్లతో, బ్రష్షుతో మురికంతా వదిలేలా తోమాలి. మురికి ఉండగానే బ్లీచ్ పోస్తే దాని బలమంతా ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. తర్వాత ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ 1 వంతు, నీళ్లు 9 వంతులు కలిపి అందులో 10 నిమిషాలు నానబెట్టాలి. వాసన పోయేదాకా మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు పోయాలి. తడి గొట్టంలో పోసిన గింజలకు రెండు రోజుల్లో బూజు వస్తుంది. మామూలు రోజుల్లో రెండు వారాలకోసారి కడిగితే చాలు, వానలప్పుడు వారానికోసారి తప్పదు. చేతి తొడుగులు వేసుకోండి. వంటింటి సింకులో మాత్రం కడగొద్దు, పక్షుల రెట్టలో ఉండే సాల్మొనెల్లా బ్యాక్టీరియా మనుషులకూ అంటుకుంటుంది.

ఈకలు ఉబ్బించుకుని, మనం దగ్గరికి వెళ్లినా ఎగరకుండా కూర్చున్న పక్షిని చూసి ‘ఎంత మచ్చికైందో’ అనుకోకండి. అది జబ్బు పక్షి. కళ్ల చుట్టూ పక్కులు, ముక్కు కింద తడిసిన ఈకలు కనిపిస్తాయేమో చూడండి. అలాంటిది ఒక్కటి కనిపించినా గింజలూ, నీళ్లూ రెండూ తీసేసి, కనీసం రెండు వారాలు ఆపండి. గుంపు చెదిరితే అంటుకోవడం తగ్గుతుంది. జబ్బుతో ఉన్నదానికి మేత ఆపడమేంటని మనసు ఒప్పుకోదు గానీ, మిగతావాటిని కాపాడే దారి అదే.

అపోహ: నీళ్ల తొట్టి పెడితే దోమలు పెరుగుతాయి

నీళ్లు మార్చకపోతే పెరుగుతాయి. వేడి వాతావరణంలో దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. రోజూ, కనీసం రోజు విడిచి రోజు నీళ్లు పారబోస్తే ఆ అవకాశమే ఉండదు. ఒక చిక్కుంది: డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లను నీళ్లలో కాకుండా, నీటి మట్టానికి కాస్త పైన తొట్టి గోడకు అంటిస్తుంది. అవి నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే ఒంపేసి ఊరుకోకుండా అంచు చుట్టూ గరుకు బ్రష్షుతో రుద్దాలి.

తొట్టి లోతు 2.5 నుంచి 5 సెంటీమీటర్లు చాలు. అంచు నుంచి మధ్యకు వాలుగా దిగాలి. నున్నటి ప్లాస్టిక్ అయితే కాళ్లు జారతాయి, అప్పుడు ఓ గరుకు రాయి వేయండి. లోతైన తొట్టిలోకి ఉడుత పిల్లలు, తొండలు పడి బయటికి రాలేక మునిగిపోతుంటాయి, ఆ రాయే వాటికి మెట్టవుతుంది. మా మట్టుకు మాకు, ఒక్కటే పెట్టే వీలుంటే గింజల కన్నా నీళ్లే పెట్టమంటాం. గింజలు తినని పక్షులు కూడా నీళ్లకు వస్తాయి.

తిండి గురించి నాలుగు మాటలు

‘పచ్చి బియ్యం తింటే పక్షి పొట్ట ఉబ్బి పగిలిపోతుంది.’ అబద్ధం. వరి చేలలో పక్షులు తినేది పచ్చి గింజే. బియ్యం కడుపులో ఉబ్బేలోపే కందనకాయ దాన్ని పిండి చేసేస్తుంది.

‘బ్రెడ్డు విషం.’ విషం కాదు, కానీ పోషకాలు బొత్తిగా తక్కువ. కడుపు నిండిపోవడంతో పక్షి అసలు తినాల్సిన పురుగునో గింజనో వెతకడం మానేస్తుంది. బూజు పట్టిన బ్రెడ్డు మాత్రం నిజంగానే ప్రమాదం. బూజు పక్షుల ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది.

‘పాలు బలం.’ పాలలోని చక్కెరను అరిగించుకునే ఏర్పాటు పక్షులకు లేదు. హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువుకు కూడా పాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. పాము మాంసాహారి, పాలు దాని ఆహారమే కాదు. దాహంతో ఎండిపోయిన పాము మూతి ముందు ఏ ద్రవం పెట్టినా తాగొచ్చు, దాన్ని ఇష్టమనుకోకూడదు.

వేరుశనగ విషయంలో కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. మనం తినడానికి పనికిరాని పుచ్చు గింజలు పక్షులకు పర్వాలేదులే అనుకోవడం మామూలే. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏం జరిగిందని వెతికితే, దాణాలో కలిపిన వేరుశనగ పిండిలో బూజు తయారుచేసిన విషం బయటపడింది. అఫ్లటాక్సిన్ గురించి శాస్త్రవేత్తలకు తెలిసింది అలాగే. ఆ విషం కంటికి కనిపించదు. వేయించినా పూర్తిగా పోదు. కాబట్టి మీరు నోట్లో వేసుకోని వేరుశనగ పక్షికీ పెట్టొద్దు. ఉప్పు వేసినవి అసలే వద్దు. పక్షులు పిల్లల్ని పెంచే కాలంలో పూర్తి పలుకులు పెట్టకండి. తల్లి వాటిని అలాగే తీసుకెళ్లి పిల్ల నోట్లో కుక్కితే గొంతుకు అడ్డం పడొచ్చు. చిన్న ముక్కలుగా దంచండి, లేదా 6 మిల్లీమీటర్ల కంతలున్న వల గొట్టంలో పోస్తే పొడుచుకుని కొంచెం కొంచెంగా తింటాయి.

ఉడుతకు రోజంతా వేరుశనగ, పొద్దుతిరుగుడు, మొక్కజొన్నే దొరికితే కాల్షియం తక్కువై ఎముకలు పెళుసవుతాయి. వాటిని తక్కువగానే ఉంచండి. అవకాడో, చాక్లెట్ రెండూ పక్షులకు విషమే.

అపోహ: తేనె తాగే పక్షులకు తేనె కలిపిన నీళ్లే సహజం

పువ్వులోని మకరందం, సీసాలోని తేనె ఒకటి కావు. తేనెలో నీళ్లు కలిపితే త్వరగా పులుస్తుంది, బూజు పెరుగుతుంది. హమ్మింగ్‌బర్డ్‌ల కోసం ఏళ్లుగా వాడుతున్న పాళ్లు: మామూలు తెల్ల చక్కెర 1 వంతు, నీళ్లు 4 వంతులు. అంతే. ముడి చక్కెర, బెల్లం, ఎర్ర రంగు కలపొద్దు. పక్షిని పిలవడానికి ఫీడర్ మీది ఎరుపు చాలు. ఎండాకాలంలో రెండు రోజులకోసారి పారబోసి, కడిగి, మళ్లీ నింపాలి. ద్రవం మసకబారిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఈ చాకిరీ మనవల్ల కాదనుకుంటే మకరందమిచ్చే పూలమొక్క నాటడం ఎంతో నయం.

అపోహ: మనం తాకిన పక్షి పిల్లను తల్లి వదిలేస్తుంది

వదలదు. తల్లి పిల్లను గుర్తుపట్టేది ముఖ్యంగా చూపుతో, అరుపుతో. మన చేతి వాసన తగిలిందని గూడు వదిలిపోదు. కానీ ఈ అపోహ వల్ల కొంత మేలూ జరుగుతోంది, అనవసరంగా పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తగ్గుతున్నారు! చూడాల్సింది ఈకలు. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, గెంతుతోందంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, మీరు పక్కకు తప్పుకోండి. పిల్లులు తిరుగుతుంటే దగ్గర్లోని గుబురు కొమ్మ మీద పెడితే చాలు. ఈకలు రాని పిల్ల కింద పడితే గూటిలో పెట్టేయండి. నోట్లో నీళ్లు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: ఊరెళ్తే మన పక్షులు ఆకలితో చస్తాయి

అమెరికాలోని విస్కాన్సిన్‌లో చికడీ పక్షుల మీద జరిగిన పరిశోధన 1992లో అచ్చయింది. ఫీడర్లకు అలవాటు పడినవి కూడా రోజు తిండిలో సుమారు ఐదో వంతే అక్కడ తిన్నాయి. ఫీడర్లు తీసేశాక, వాటి ముఖమే ఎరగని పక్షులతో సమానంగా బతికాయి. మంచు కురిసే చోట గడ్డకట్టే చలిలో ఉన్నట్టుండి ఆపకపోతే మంచిదే. మిగతా కాలాల్లో నిశ్చింతగా ఊరెళ్లండి, కాకపోతే వెళ్లేముందు పళ్లెం ఖాళీ చేసి బోర్లించండి.

అపోహ: చేతిలోంచి తింటే మనల్ని నమ్మినట్టే

కోతి, నక్క, ముంగిస లాంటి జంతువుల విషయంలో ఇది నమ్మకం కాదు, భయం పోవడం. మన దగ్గర భయం పోయిన జంతువుకు పొరుగింటి పిల్లాడి దగ్గరా భయముండదు. చేతిలో ఏమీ లేకపోతే సంచీ లాక్కుంటుంది, ఇవ్వకపోతే కరుస్తుంది. కోతి పళ్లు బయటపెడితే నవ్వు అనుకుని మనమూ పళ్లు చూపిస్తాం. కళ్లలోకి సూటిగా చూడటం, పళ్లు చూపడం దాని దృష్టిలో కయ్యానికి కాలు దువ్వడమే కావచ్చు. చూపు తిప్పుకుని, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి నడవండి. ఏ అడవి జంతువు కరిచినా, రక్కినా ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు గాయం కడగాలి. అదే రోజు డాక్టర్ దగ్గరికెళ్లి రేబిస్ టీకా సంగతి అడగాలి. గాయం చిన్నదని ఆగొద్దు.

రాత్రి తిరిగే జంతువు పగలు కనిపిస్తే పిచ్చిదే అన్నమాటా సరికాదు. పిల్లలకు పాలిచ్చే తల్లి ఆకలికి పగలూ తిరుగుతుంది. తూలడం, చొంగ కార్చడం, కారణం లేకుండా మీదికి రావడం కనిపిస్తే మాత్రం దూరంగా ఉండి అటవీ సిబ్బందికి చెప్పండి.

చూడటం గురించి

పళ్లెం కిటికీకి మీటరు లోపలైనా ఉండాలి, 10 మీటర్ల అవతలైనా ఉండాలి. మరీ దగ్గరైతే బెదిరి ఎగిరిన పక్షికి వేగం అందదు, కాబట్టి గాజుకు తగిలినా పెద్ద దెబ్బ కాదు. ఈ రెంటి మధ్య దూరమే చంపుతుంది. గాజు మీద ఒక్క డేగ బొమ్మ అంటిస్తే సరిపోతుందనేది వట్టిమాట, పక్షి ఆ బొమ్మ పక్కనుంచే గాజులోకి దూసుకొస్తుంది. బయటివైపు, 5 సెంటీమీటర్లకొక చుక్క చొప్పున గాజంతా పెట్టాలి.

బైనాక్యులర్‌కు ఎక్కువ రెట్లుంటే మేలనుకోవడమూ పొరపాటే. రెట్లు పెరిగేకొద్దీ చెయ్యి వణుకూ పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. పెరటికి 8×42 (8 రెట్లు, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) సరిపోతుంది, కాకపోతే రెండు మీటర్ల దూరంలో ఉన్నదానికీ ఫోకస్ అందుతుందో లేదో చూసుకుని కొనండి.

రాత్రి వచ్చేవాటికి ట్రైల్ కెమెరా, అంటే ముందు జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా. దాని సెన్సర్ పట్టేది కదలికను మాత్రమే కాదు, చుట్టుపక్కల కన్నా వేరే వేడి ఉన్నదాని కదలికను. మండే మధ్యాహ్నం నేల, జంతువు ఒకే వేడిలో ఉంటే అది మూగబోతుంది. ముంగిసంత జంతువులకైతే నేల నుంచి 30–50 సెంటీమీటర్ల ఎత్తున కట్టండి. జంతువు ఎదురొచ్చే దిక్కుకు కాకుండా, దాని దారికి అడ్డంగా చూసేలా పెట్టండి. ఎదురొచ్చేదాన్ని సెన్సర్ ఆలస్యంగా పడుతుంది, ఫొటోలో ముక్కు తప్ప ఏమీ ఉండదు. చీకట్లో ఫొటో తీయడానికి కెమెరా వాడే లైటు ఇన్‌ఫ్రారెడ్: 850 నానోమీటర్లది సన్నగా ఎర్రగా కనిపిస్తుంది, 940ది దాదాపు కనిపించదు కానీ తక్కువ దూరమే అందుతుంది. కెమెరా ముందున్న గడ్డి కోసేయండి. గాలికి ఊగే ఒక్క ఎండిన పరక చాలు, రాత్రంతా దాని ఫొటోలతోనే కార్డు నిండిపోవడానికి.