మీటరు మీద 63 కిలోమీటర్లు: కొత్త స్పోర్ట్స్ కారు గురించి అపోహలు, వాస్తవాలు

రాత్రి పదకొండున్నరకు ఫోను. "అన్నా, రేపు డెలివరీ. ఇప్పుడే షోరూము వాళ్లు ఫొటో పంపారు. మీటరు 63 చూపిస్తోంది. ఎవరో తిప్పేసిన బండి అంటగడుతున్నారా?" గొంతులో వణుకు తెలుస్తోంది. ఆరేళ్లు దాచుకున్న డబ్బు, ఇంట్లో అందరినీ ఒప్పించి తెచ్చుకున్న అనుమతి. అతణ్ణి చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు. కానీ ఎవరో ఒకరు "సింగిల్ డిజిట్ దాటితే తీసుకోవద్దు" అని అతని చెవిలో వేసి ఉంటారు చూడండి, వాళ్లు దొరికితే మాత్రం నాలుగు మాటలు అనాలని ఉంటుంది.

హైదరాబాద్‌లో కొత్త కార్లను డెలివరీకి ముందు కొనేవాళ్ల తరఫున పరీక్షించడం నా పని. అంతకుముందు పదకొండేళ్లు సర్వీసు బేలో చేతులకు గ్రీజు పూసుకున్నాను. ఈ ప్రశ్న వినని వారం లేదు.

అపోహ: మీటరు సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే బండి అంత కొత్తది.

ముందు ఆ కిలోమీటర్లు ఎక్కడివో చూద్దాం. కారు లైను మీద నుంచి దిగగానే ఫ్యాక్టరీలోనే రోలర్ల మీద పరుగెత్తిస్తారు, బ్రేకులు, గేర్లు అక్కడే చూస్తారు. కొన్ని కంపెనీలు ఆ తర్వాత రోడ్డు మీదకీ తీసుకెళ్తాయి. ఫెరారీ వాళ్లు ఇటలీలో తమ ఫ్యాక్టరీ ఉన్న మారనెల్లో చుట్టుపక్కల కొండదారుల్లో కార్లను నడిపి చూస్తారు. ఆ తర్వాత ఓడ ఎక్కడం, దిగడం, రేవు యార్డు, ట్రైలర్, మన ఊరి శివారు యార్డు, అక్కడి నుంచి వర్క్‌షాపు. పీడీఐలో, అంటే డెలివరీకి ముందు చేసే తనిఖీలో, మెకానిక్ ఒక చుట్టు నడపాలి, నడపకపోతేనే తప్పు. స్టీరింగ్ కాస్త పక్కకు లాగితే సరిచేసి మళ్లీ నడపాలి. ఇవన్నీ కలిస్తే 63 రావడంలో వింతేమీ లేదు.

అసలు నష్టం ఇక్కడ కాదు. ఆ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిదని నమ్మి, చూడాల్సినవి చూడకపోవడంలో ఉంది.

రెండేళ్ల కిందటి మాట. ఒక పెద్దాయన, బిల్డరు, ఒకే మోడల్ కూపేలు (రెండు తలుపుల కార్లు) రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి షోరూము అద్దాల వెనక ఉన్న ఎర్రది, మీటరు 14. రెండోది యార్డులో దుమ్ము కప్పుకున్న బూడిదరంగుది, మీటరు 118. ఆయన అప్పటికే ఎర్రదానికి మనసిచ్చేశారు. స్కానర్ పెట్టాను. కిలోమీటర్లు ఒక్కటే కాదు, ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, లెక్క పెట్టుకుంటుంది. బూడిదరంగు బండి 118 కిలోమీటర్లకు నాలుగు గంటలు. అంటే రోడ్డు మీద మామూలుగా నడిచిన బండి. ఎర్ర బండి 14 కిలోమీటర్లకు తొమ్మిది గంటలు! కదలని బండి తొమ్మిది గంటలు ఏం చేసింది? ఆదివారం సాయంత్రం అదే షోరూములో కళ్లారా చూశాను. వచ్చినవాళ్లు కూర్చోవడం, స్టార్ట్ బటన్ నొక్కడం, చల్లటి ఇంజిన్‌ను అప్పటికప్పుడు గిర్రుమనిపించి సైలెన్సర్ చప్పుడు ఫోనులో రికార్డు చేసుకోవడం. ఆయిలు ఇంకా చిక్కగా ఉన్నప్పుడు చేసే ఈ వేడుక మీటరులో ఒక్క మీటరు కూడా పెరగనివ్వదు. పైన పటారం, లోన లొటారం.

ఇదంతా చెప్పాను. "అయినా 118 అంటే సెకండ్ హ్యాండే కదండీ" అని ఆయన ఎర్రదే తీసుకున్నారు. ఎనిమిదో రోజు ఇంటి గేటు ముందు స్టార్ట్ కాలేదు. నెలల తరబడి చార్జింగ్ లేక, మధ్యమధ్యలో జంప్ స్టార్టులతో బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది. కదలకుండా నిలబడి ముందు టైర్లు ఒక పక్క చదును దేరాయి, ఎనభై దాటితే స్టీరింగ్ వణికేది.

ఇంకో సంగతి. అందరూ చిన్న అంకే అడుగుతుంటే కొందరు చిన్న అంకే చూపిస్తారు. మీటరు తిరగకుండా కనెక్షన్ తీసి బండిని తరలించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన రహస్యం. సున్నా కావాలని మీరు పట్టుబట్టిన ప్రతిసారీ నిజం చెప్పేవాడు నష్టపోతాడు.

కాబట్టి అడగాల్సింది వేరు. ఇంజిన్ గంటలు ఎన్ని? పోర్షె లాంటి వాటిలో ఇంజిన్‌ను పరిమితి దాటించి తిప్పారా అన్నది కూడా మెట్లవారీగా, ఏ గంటలో జరిగిందో సహా కంట్రోల్ యూనిట్‌లో నమోదవుతుంది. ఆ రిపోర్టు అడగండి. అమ్మకం ధ్రువపత్రం, అంటే ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం చూడండి. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు చదవండి: 3224 అంటే 2024లో 32వ వారం. నాలుగు టైర్లూ దగ్గరదగ్గర వారాల్లో ఉండాలి. బ్యాటరీని టెస్టర్‌తో చూపించమనండి.

మీటరు చూసి నిజంగా గొడవ పడాల్సిన సందర్భం లేకపోలేదు. నాలుగైదు వందలు ఉంటే అది టెస్ట్ డ్రైవ్ బండి కావచ్చు, లేదా వేరే ఊరి స్టాకును ట్రైలర్ ఖర్చు మిగుల్చుకోవడానికి నడిపించి తెచ్చి ఉండవచ్చు. బెంగళూరు నుంచి ఇక్కడికి దాదాపు 570 కిలోమీటర్లు. రాత్రికి రాత్రి చేర్చాలన్న తొందరలో ఉన్న డ్రైవరు మీ కొత్త ఇంజిన్ గురించి ఆలోచించడు. ట్రైలర్ మీదే తేవాలని బుకింగ్ రోజే రాయించుకోండి.

అపోహ: మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎంత మెల్లగా నడిపితే ఇంజిన్‌కు అంత మంచిది.

దీనికి తోబుట్టువు ఇంకోటి ఉంది: "ఔటర్ మీద క్రూజ్ కంట్రోల్ పెట్టి ఒక చుట్టు తిరిగొస్తే రన్నింగ్ ఇన్ అయిపోతుంది." రన్నింగ్ ఇన్ అంటే కొత్త ఇంజిన్‌ను మొదట్లో పద్ధతిగా నడిపి సర్దుకోనివ్వడం. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టు 158 కిలోమీటర్లు. అంతసేపూ ఒకే వేగం, ఒకే గేరు, ఒకే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు). చేయవద్దని మాన్యువళ్లు చెప్పేది సరిగ్గా ఇదే.

పిస్టన్ కదిలే గొట్టాన్ని బోరు అంటారు. దాని లోపలి గోడ అద్దంలా నునుపుగా ఉండదు. గోడను సానపట్టే హోనింగ్‌లో సన్నటి అడ్డగీతలు పెడతారు, ఆయిలు వాటిలో నిలుస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ గోడకు ఒదగాలి. రింగును గోడకు అదిమేది దాని స్ప్రింగు బలం మాత్రమే కాదు, మండిన వాయువు ఒత్తిడి కూడా రింగు వెనక చేరి నెడుతుంది. యాక్సిలరేటర్ తొక్కీ తొక్కనట్టు నడిపితే ఆ ఒత్తిడే రాదు. పూర్తిగా తొక్కితే వేడి, రాపిడి మితిమీరతాయి. మధ్యస్తంగా తొక్కాలి, వదలాలి, గేర్లు మార్చాలి, మళ్లీ తొక్కాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లకు తెల్లవారుజామున వికారాబాద్ వైపు వెళ్లి అనంతగిరి ఎక్కి దిగి రమ్మంటాను. ఎత్తు, పల్లం, మలుపు, అన్నీ ఉంటాయి. వచ్చేటప్పుడు టిఫిను కూడా అవుతుంది.

అంకెలు మాత్రం మీ మాన్యువల్లోవే. పోర్షెకు మొదటి 3,000 కిలోమీటర్లు, 4,000 ఆర్‌పీఎం ప్రాంతంలో ఆగాలి. బీఎండబ్ల్యూ ఎం కార్లకు 2,000 వరకు 5,500 ఆర్‌పీఎం, గంటకు 170 దాటకూడదు. 2,000 దగ్గర ఇంజిన్ ఆయిలు, చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ ఆయిలు మార్చాలి, దీన్ని దాటవేయకండి. అమెరికాలో షెవర్లే కార్వెట్ కొనే మనవాళ్లకు మొదటి 500 మైళ్లు 4,000 ఆర్‌పీఎం. ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు.

వీటన్నింటికంటే ఇంజిన్‌ను కాపాడేది ఆయిలు వేడెక్కేదాకా ఆగడం. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల వేడి చూపే ముల్లు మూడు నాలుగు నిమిషాల్లో మధ్యకు వచ్చేస్తుంది, ఆయిలుకు పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఇది రన్నింగ్ ఇన్‌తో అయిపోయే జాగ్రత్త కాదు. బండి ఉన్నన్నాళ్లూ ఉండాలి. అలాగని ఇంటి ముందు నిలబెట్టి వేడి చేయకండి, మెల్లగా నడుపుతూనే వేడెక్కనివ్వండి.

మిగతావి గబగబా. సింథటిక్ ఆయిలుతో రింగులు కూర్చోవంటారు. కార్వెట్ 1992 నుంచీ ఫ్యాక్టరీలోంచే సింథటిక్‌తో వస్తోంది. ఐదువందలకే ఆయిలు మార్చేయాలంటారు. మాన్యువల్ మార్చమంటే మార్చండి, హోండా లాంటి వాళ్లు మొదటి సర్వీసు దాకా ముట్టుకోవద్దంటారు. రోలర్ల మీద తిప్పితే ఇంజిన్ పాడవుతుందంటారు. దీనికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. రన్నింగ్ ఇన్ ఇంజిన్‌కే అనుకుంటారు, అది మాత్రం ప్రమాదకరం. కొత్త టైర్లకు మొదటి వంద, రెండొందల కిలోమీటర్లు పూర్తి పట్టు ఉండదు, బ్రేకు ప్యాడ్లు కూడా అంతే. డెలివరీ రోజే స్నేహితుల ముందు దూకించి డివైడర్ ఎక్కించిన బండి ఒకటి చూశాను. దాని మీటరు 31.

ఆ 63 కిలోమీటర్ల అబ్బాయి బండి మర్నాడు చూశాను. ఇంజిన్ గంటలు రెండున్నర, టైర్లు నాలుగూ ఒకే నెలవి. తీసుకోమన్నాను. మూడు వారాల తర్వాత మళ్లీ రాత్రి ఫోను.

"అన్నా, ఒక్కసారి ముల్లు 4,600 తాకింది. ఒక్కసారే."

"ఆయిలు వేడెక్కాకే కదా?"

"అవునన్నా, అరగంట నడిపాక."

"అయితే పడుకో, తమ్ముడూ."