టొరంటో పిల్లలు డబ్లిన్‌లో చదివితే స్వదేశంలో రెసిడెన్సీ ఎందుకు దొరకదు?

ఐర్లండ్‌లోని డబ్లిన్‌లోనో కరీబియన్ దీవి గ్రెనడాలోనో మెడిసిన్ పూర్తిచేసిన టొరంటో కుర్రాడు కెనడా రెసిడెన్సీకి (డిగ్రీ తర్వాత లైసెన్సు కోసం ఆసుపత్రిలో పొందే శిక్షణ) దరఖాస్తు పెడితే విదేశీ వైద్య పట్టభద్రుల వరసలోనే నిలబెడతారు. పాస్‌పోర్టు కెనడాదే అయినా, కాలేజీ ఎక్కడుందన్నదే లెక్క. గుంటూరులో ఎంబీబీఎస్ చేసి అక్కడికి వలసవెళ్లిన డాక్టరుదీ అదే వరస, అవే కొద్దిపాటి సీట్లు.

ఈ ఇరుకుకు మూలం 1991లో ఉంది. ఆరోగ్య ఆర్థికవేత్తలు మోరిస్ బేరర్, గ్రెగ్ స్టొడార్ట్ ఆ ఏడు ఇచ్చిన నివేదికలో డాక్టర్ల సంఖ్య జనాభాను మించి పెరుగుతోందన్నారు, పదుల కొద్దీ సిఫార్సులు చేశారు. 1992 జనవరిలో బాన్ఫ్ పట్టణంలో కలిసిన కెనడా ఆరోగ్య మంత్రులు వైద్య కళాశాలల సీట్లలో 10 శాతం కోతను మాత్రం వెంటనే అందుకున్నారు. మిగతా సిఫార్సుల్లో చాలావాటికి అంత కష్టపడాలనిపించలేదు కాబోలు. 1993 నుంచి కోత అమలైంది. దాదాపు అప్పుడే, ఏడాది రొటేటింగ్ ఇంటర్న్‌షిప్ (ఒక్కో విభాగంలో కొన్నాళ్లు చేసే శిక్షణ) చేసి జనరల్ ప్రాక్టీస్ పెట్టుకునే పాత పద్ధతి కూడా పోయింది. ఫ్యామిలీ డాక్టరుకైనా కనీసం 2 ఏళ్ల రెసిడెన్సీ తప్పనిసరి అయింది. నిజానికి దెబ్బ కొట్టింది ఈ రెండోదే. కాలేజీ సీట్లు కొన్నేళ్లకు మళ్లీ పెరిగాయి, రెసిడెన్సీ లేకుండా లైసెన్సుకు వెళ్లే దారి మాత్రం తిరిగి తెరుచుకోలేదు.

పెరిగిన సీట్లూ చాల్లేదు. ఒంటారియోలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో రెండు వందల చిల్లర సీట్లకు వేల దరఖాస్తులు వస్తాయి. మిగిలినవారు ఐర్లండ్, కరీబియన్ దీవులు, ఆస్ట్రేలియా, పోలండ్ దారి పట్టారు. రెసిడెన్సీ సీట్లు కేటాయించే సంస్థ కార్మ్స్ 2010లో వేసిన అంచనా ప్రకారం అలా వెళ్లినవారు 3,500 మంది దాకా ఉన్నారు, వారిలో అత్యధికులు తిరిగి రావాలనుకున్నవారే.

2000ల మధ్య వరకూ వీళ్లకు ఎక్కువచోట్ల కేటాయింపు రెండో విడతలో మిగిలిపోయిన సీట్లే దిక్కు. ఆ తర్వాత ప్రావిన్సులు మొదటి విడతలోనే విడిగా కొన్ని సీట్లు పెట్టాయి. అందులో పెద్ద వాటా ఫ్యామిలీ మెడిసిన్‌ది. డెర్మటాలజీ, ప్లాస్టిక్ సర్జరీ మీద ఆశ పెట్టుకుని వెళ్లేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. పైగా ఒంటారియో, బ్రిటిష్ కొలంబియా ఈ సీట్లకు, శిక్షణ తర్వాత అక్కడ పనిచేయాలన్న బాండు తగిలించాయి. ఒంటారియోలో చాలాకాలం అది 5 ఏళ్లు, అదీ టొరంటో పరిసరాలు, ఒటావా కాకుండా వేరేచోట.

పరీక్షలు తగ్గాయి. విదేశీ పట్టభద్రులకు పెట్టే అర్హత పరీక్ష ఎంసీసీఈఈ 2018తో ముగిసింది, లైసెన్సుకు సంబంధించిన క్వాలిఫైయింగ్ పరీక్ష (ఎంసీసీ క్యూఈ) రెండో భాగం 2021లో రద్దయింది. ఇప్పుడు ప్రధానంగా ఎంసీసీ క్యూఈ మొదటి భాగం, రోగుల పాత్రధారులతో జరిగే ఎన్‌ఏసీ పరీక్ష మిగిలాయి. ఎక్కువమంది తేదీల దగ్గరే దెబ్బతింటారు. దరఖాస్తులు శరదృతువులో మొదలవుతాయి, సీట్ల కేటాయింపు (మ్యాచ్) ఫలితం మార్చిలో వస్తుంది, విధులు జులై 1న. ఎన్‌ఏసీ స్కోరు సమయానికి అందకపోతే ఏడాది పోయినట్టే. ఆస్ట్రేలియాలో కోర్సు సంవత్సరాంతంలో ముగుస్తుంది కాబట్టి ఎలాగూ అర్ధసంవత్సరం ఖాళీ. కెనడా ఆసుపత్రిలో ఎలెక్టివ్ (చదువుకునే కాలంలో కొన్ని వారాల శిక్షణ) చేయనివారికి అక్కడి డాక్టర్ల సిఫార్సు లేఖలు ఉండవు. మార్కులు బాగున్నా ఇంటర్వ్యూకి పిలుపు రాకపోవడానికి తరచూ ఇదే కారణం.

అందుకే చాలామంది అమెరికాలోనూ దరఖాస్తు పెడతారు. అక్కడ శిక్షణకు తీసుకునే జే-1 వీసాకు కెనడా ఆరోగ్య శాఖ (హెల్త్ కెనడా) ఇచ్చే అవసర పత్రం కావాలి, శిక్షణ అయ్యాక 2 ఏళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ఉంటుంది. ఇంకో చిక్కు శిక్షణ కాలంలో ఉంది. ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ అమెరికాలో 3 ఏళ్లు, కెనడాలో 4. ఆ తేడా ఏడాదిని ముందే చూసుకోకపోతే స్పెషలిస్టు పరీక్ష దగ్గర ఆగిపోతారు. కెనడాలో రెసిడెన్సీ బదులు, పర్యవేక్షణలో పనిచేయించి సామర్థ్యం చూసే 12 వారాల ప్రాక్టీస్ రెడీ అసెస్‌మెంట్ పేరు విని ఆశపడేవారూ ఉన్నారు. అది విదేశంలో పీజీ శిక్షణ, ప్రాక్టీసు ఉన్నవారికే, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవారికి కాదు.

2025 అక్టోబరులో ఒంటారియో కొత్త షరతు పెట్టింది. మొదటి విడతలో దరఖాస్తు చేసే విదేశీ పట్టభద్రులు కనీసం 2 ఏళ్లు ఒంటారియో హైస్కూల్లో చదివి ఉండాలంది. బయట చదివిన స్థానిక పిల్లలకు అది వరం, వలస డాక్టర్లకు మూసిన తలుపు. విమర్శలు వచ్చాయి, విషయం కోర్టుకెక్కింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.