ఎనిమిది పొరల్లో గాజు ఎక్కడ వెయ్యాలి?

"కార్బన్ ఫైబర్ ఉక్కుకన్నా బలమైనదంటారు, మరి రాయి తగిలితే ఎందుకు పగులుతుంది?" అని ఒక పాఠకుడి ప్రశ్న. తప్పు ఆయనది కాదు. తరగతిలో ఒత్తిడి-సాగుడు గ్రాఫు గీయించి, గీత చివరి అంకెను బట్టీ పట్టిస్తారు. తెగేలోపు పదార్థం ఎంత శక్తిని మింగుతుందో చెప్పే గీత కింది వైశాల్యం ఊసెత్తరు. దెబ్బ విషయంలో లెక్కకొచ్చేది ఆ వైశాల్యమే.

ఎండు కందికట్టె వంచితే పుటుక్కుమంటుంది. పచ్చి చింతబరికె వంగినకొద్దీ శక్తిని మింగుతుంది. పాతకాలం బడిపంతుళ్లకు ఈ సంగతి బాగా తెలుసు! కార్బన్ పోగు దాదాపు 3,500 మెగాపాస్కల్స్ ఒత్తిడి మోస్తుంది, కానీ 1.5 శాతం సాగేసరికి తెగుతుంది. ఈ-గ్లాస్ అనే గాజు పోగు కొత్తగా ఉన్నప్పుడు బలంలో దానికి దగ్గరే, సాగడం మాత్రం 4.5 శాతం దాకా. ఒత్తిడిని సాగుడుతో గుణించి సగం చెయ్యండి: ఘన సెంటీమీటరుకు కార్బన్‌కు 26 జౌళ్లు, గాజుకు 75 పైమాటే. గాజు బరువెక్కువ కాబట్టి గ్రాముల లెక్కన తేడా రెండింతలే.

అందుకే రెంటి పొరలనూ రెజిన్ అనే జిగురుతో అతికించి, హైబ్రిడ్ అనే కలగలుపు పలక చేస్తారు. దెబ్బ పరీక్షకు 150×100 మిల్లీమీటర్ల పలక, మీద పడే బరువుకు 16 మిల్లీమీటర్ల గుండ్రటి మొన, మందం మిల్లీమీటరుకు 6.7 జౌళ్లు. 4 మిల్లీమీటర్ల పలకకైతే 5.5 కిలోల బరువు అర మీటరు నుంచి పడ్డంత. పైన చిన్న సొట్ట, కంటికి ఆనదు. లోపల మాత్రం వేర్వేరు దిశల్లో పరిచిన పొరల మధ్య రెజిన్ ఊడిపోతుంది, కిందికి పోయేకొద్దీ వెడల్పుగా. నాణెంతో తట్టితే ఖంగుమనాల్సిన చోట బొదబొదమంటుంది. ఆ పలకను నిలువునా నొక్కితే విడిపోయిన పలుచని పొరలు విడివిడిగా వంగి, బలం పడిపోతుంది.

పలుచని పలక దెబ్బకు వంగినప్పుడు ఎక్కువ సాగేది వెనక ముఖం. గాజు అక్కడ ఉండాలి. అలాగని రెండు ముఖాలకూ వేస్తే? వంపును అడ్డుకునే గుణం, అంటే బిగువు, పలక మధ్యతలం నుంచి దూరపు ఘనాన్ని బట్టి ఉంటుంది. ఒకే దిశలో పరిచిన ఎనిమిది పొరల్లో బయటి రెండు పొరలదే అందులో 58 శాతం. గాజు బిగువు కార్బన్‌లో మూడో వంతు లోపే. కాబట్టి ఆ రెండు పొరలు మారిస్తే చాలు, బిగువు 40 శాతం పోతుంది. పోనీ వెనక ఒక్కదాన్నే వేద్దామంటే, వేడిలో గట్టిపడి చల్లారేటప్పుడు గాజు ముడుచుకుంటుంది, కార్బన్ దాదాపు కదలదు. పలక అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకే మందం, పొరల దిశలూ చూసుకుని రాజీ పడతారు.

బండికి నిమ్మకాయలు కట్టినట్టు, పైన ఒక కెవ్లార్ (తూటా నిరోధక చొక్కాల్లో వాడే పోగు) పొర వేస్తే రక్షణ వచ్చేస్తుందనుకునేవాళ్లున్నారు. దెబ్బ తగిలే ముఖం నొక్కుడుకు లోనవుతుంది, కెవ్లార్ బలహీనత సరిగ్గా అక్కడే. దాన్ని వెనక వెయ్యండి, పైన పలుచని గాజు గుడ్డ కప్పండి. లేకపోతే చెమ్మ పీలుస్తుంది, గరుకు కాగితంతో రుద్దితే నునుపెక్కకపోగా నూగు లేస్తుంది.