బెర్త్ అంటే పడుకునే సీటేనా? ఇంగ్లీష్ మాటలపై అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకు ఇంగ్లీష్ చెబుతుంటాను. గ్రామర్ ఎలాగో గట్టెక్కేస్తారు కానీ, వొకాబులరీ అనగానే పిల్లలకు టెన్షన్. అందులో సగం అపోహల వల్ల వచ్చేదే.

అపోహ: ఇంగ్లీష్ మాటకు ఒక తెలుగు అర్థం బట్టీ పడితే చాలు.

వాస్తవం: 'బెర్త్' తీసుకోండి. క్లాసులో అడిగితే 'రైల్లో పడుకునే సీటు' అంటారు. తప్పేం లేదు. కానీ ఇది విశాఖ కదా, పోర్టులో పనిచేసేవాళ్ల పిల్లలు ఉంటే 'ఓడ ఆగే చోటు సార్' అంటారు. అదీ నిజమే. ఇక పేపర్లో 'మంత్రివర్గంలో బెర్త్ ఖాయం' అని వస్తే అది పదవి, అక్కడ పడుకునేదేమీ ఉండదు (ఉండకూడదు!).

ఒక్క మాటకు ఇన్ని అర్థాలెలా వచ్చాయి? ఇది పుట్టింది సముద్రం మీద. 17వ శతాబ్దపు నావికులకు బెర్త్ అంటే ఓడ దేన్నీ తాకకుండా మసలడానికి కావాల్సిన జాగా. తర్వాత రేవులో ఓడను కట్టే జాగా, ఓడలో నావికుడు పడుకునే జాగా అయింది. ఆ తర్వాతే రైలెక్కింది. 'జాగా' అన్నది పట్టుకుంటే 'గివ్ హిమ్ ఎ వైడ్ బెర్త్' కూడా తేలిపోతుంది. దీనికి చాలామంది 'వెడల్పాటి సీటు ఇవ్వు' అని టిక్ పెట్టేస్తారు. అసలు అర్థం 'అతనికి దూరంగా ఉండు' అని. మన పోర్టు పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ, డాల్ఫిన్స్ నోస్ రాళ్లకు ఓడ ఎంత ఎడంగా పోవాలో ఊహించుకోండి, ఇక మర్చిపోరు. అన్నట్టు, ఇక్కడ 'వైడ్' తీసి 'బ్రాడ్' పెడితే కుదరదు. అర్థం దగ్గరదే అయినా అలా అనరు, అంతే.

క్రియగానూ వాడతారు: 'ది షిప్ బెర్త్‌డ్ దిస్ మార్నింగ్', అంటే ఓడ పొద్దున రేవుకు చేరి ఆగిందని.

అపోహ: స్పెల్లింగ్ వేరైతే ఉచ్చారణా వేరే.

పుట్టుకను చెప్పే 'బర్త్', ఈ 'బెర్త్' రెండింటికీ డిక్షనరీలు ఒకే ఉచ్చారణ చూపిస్తాయి. వేర్వేరుగా పలకడం మన అలవాటు.

పెద్ద పెద్ద మాటలు వస్తేనే ఇంగ్లీష్ వచ్చినట్టు అనేవాళ్లూ ఉన్నారు. బెంగాల్‌లో పనిచేసిన ఇంగ్లీష్ బోధనా నిపుణుడు మైకేల్ వెస్ట్, ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల కోసం 1953లో తెచ్చిన ప్రసిద్ధ మాటల జాబితాలో ఉన్నవి సుమారు 2,000 మాటలే, అన్నీ రోజూ వాడేవే. ముందు అలాంటివి వాక్యాల్లో పెట్టి వాడటం నేర్చుకోండి. ఫ్యాన్సీ మాటలు తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీష్ మాటలు మనకు వచ్చినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా దెబ్బకొట్టేవి ఇవే. క్లాసులో 'ఐ హావ్ ఎ డౌట్ సార్' అంటే నాకు అర్థమవుతుంది, ఏదో అడగాలని. అదే మాట బ్రిటన్ వాళ్లతో అంటే, వాళ్లు చెప్పింది మీరు నమ్మట్లేదేమో అనుకోవచ్చు. విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసేవాళ్లు అక్కడ 'క్వశ్చన్' అనడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.