మందు రాసేది డాక్టరే, శాంపిల్ తీసేది నర్సు

యాంటీబయాటిక్‌లకు లొంగని ఇన్‌ఫెక్షన్ల గురించి నర్సింగ్ విద్యార్థులకు ఎంతవరకు నేర్పాలన్న వాదన మళ్లీ మొదలైంది. చేతుల శుభ్రత, గ్లోవ్స్, గౌను, ఐసొలేషన్ (ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లను విడిగా ఉంచడం) నియమాలు వస్తే చాలని కొందరు అంటున్నారు. ఈ మందు ఎందుకు ఇస్తున్నాం, ఇంకా ఎన్నాళ్లు ఇవ్వాలి అని అడగడం కూడా చదువులోనే అలవాటు కావాలని మిగతావాళ్లు పట్టుబడుతున్నారు. పెన్సిలిన్ పుట్టుక, దాన్ని సరిగా వాడకపోతే మందుకు లొంగని క్రిములు పుడతాయని దాన్ని కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో చేసిన హెచ్చరిక అందరికీ తెలిసినవే. ఈ వాదన మూలం మాత్రం 1959లో ఉంది.

1950లలో పెన్సిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా చాలా ఆసుపత్రులను వణికించింది. పసికందులకు, బాలింతలకు, ఆపరేషన్ గాయాలకు సోకేది. 1959లో ఇంగ్లండ్‌లోని టోర్‌బే ఆసుపత్రి ఇ.ఎం. కాట్రెల్ అనే నర్సింగ్ సిస్టర్‌కు ఇన్‌ఫెక్షన్ల మీద నిఘా పెట్టే పని అప్పగించింది. మొదటి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా ఆమె పేరే చెబుతారు. అంతవరకు శుభ్రం చేయడమే నర్సు బాధ్యత అనుకున్నారు. వార్డులో ఏం జరుగుతోందో గమనించి, రాసిపెట్టి, నలుగురి ముందు పెట్టడం కూడా ఆమె పనేనని అధికారికంగా ఒప్పుకున్నది అప్పుడే. అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. పెన్సిలిన్ పనిచేయని చోట వాడే కొత్త మందు మెథిసిలిన్‌కు కూడా లొంగని స్టాఫిలోకాకస్ కనిపించిందని 1961లో అదే దేశం నుంచి వార్త వచ్చింది. కొత్త మందొక్కటే గట్టెక్కించదని అప్పుడే తేలిపోయింది.

ఆ నియామకం విలువ అంకెల్లో తెలియడానికి పాతికేళ్లు పట్టింది. 1985లో వెలువడిన అమెరికా అధ్యయనం ప్రకారం, 250 పడకలకు ఒక ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు సహా గట్టి నిఘా, నియంత్రణ ఏర్పాట్లున్న ఆసుపత్రుల్లో ఇన్‌ఫెక్షన్లు 32 శాతం తగ్గాయి. అలాంటి ఏర్పాట్లు లేనిచోట 18 శాతం పెరిగాయి. 2006లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర ఐసీయూల ఫలితాలు ఇంకో అడుగు ముందుకేశాయి. సెంట్రల్ లైన్ (గుండెకు దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం, అంటే క్యాథెటర్) వేసేటప్పుడు డాక్టర్ శుభ్రత నియమాల్లో ఒక మెట్టు వదిలేస్తే, అత్యవసరం కాని పక్షంలో ఆపించే అధికారం అక్కడ నర్సులకు ఇచ్చారు. వెయ్యి క్యాథెటర్ రోజులకు (ఒక పేషెంట్‌కు ఆ గొట్టం ఒక రోజు ఉంటే ఒక క్యాథెటర్ రోజు) 2.7గా ఉన్న రక్త ఇన్‌ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు చేరింది.

సిలబస్ ఇప్పటికే బరువైపోయిందని, మందు రాసే హక్కు నర్సుకు లేదని, విద్యార్థులు ప్రశ్నలు వేస్తే వార్డులో గందరగోళమని అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. సిలబస్ బరువు నిజమే. కానీ వార్డులో పని జరిగే తీరు చూడండి. యూరిన్ క్యాథెటర్ (మూత్రం బయటికి తెచ్చే గొట్టం) ఉన్న పేషెంట్‌కు కల్చర్, అంటే ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, పంపమంటారు. ట్యూబును కాసేపు క్లాంప్ చేసి, శాంప్లింగ్ పోర్ట్‌ను శుభ్రం చేసి, సిరంజితో తాజా మూత్రం తీయాలి. హడావుడిలో బ్యాగులోంచి పట్టి పంపితే, అందులో నిల్వ ఉండి పెరిగిన క్రిములే రిపోర్టులో కనిపిస్తాయి. జ్వరం, నొప్పి ఏమీ లేని మనిషికి యాంటీబయాటిక్ మొదలవుతుంది. ఆ చీటీ రాసింది డాక్టరే అయినా, అందుకు దారితీసింది శాంపిల్.

రక్తం కల్చర్ కూడా అంతే. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే తీస్తే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. పెన్సిలిన్ అలెర్జీ ఉందని కేస్‌షీట్‌లో ఉన్నవాళ్లను పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి నిజంగా అలెర్జీ ఉండదు. ఏ మందు వాడినప్పుడు, ఏం జరిగింది, ఎన్నేళ్ల క్రితం అని చాలాచోట్ల మొదట అడిగేది నర్సే. 2017లో అమెరికన్ నర్సుల సంఘం, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి విడుదల చేసిన పత్రం ఈ పనులన్నింటినీ యాంటీబయాటిక్‌ల సద్వినియోగంలో నర్సు పాత్రగా గుర్తించింది. అంటే ఈ వాదన తేలాల్సిన చోట ఎప్పుడో తేలింది, క్లాసురూముకే ఇంకా చేరలేదు.

గ్లోవ్స్, గౌను దగ్గరే పాఠం ఆపేస్తే పేషెంట్‌కు మరో నష్టం ఉంది. ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లకు నివారించదగ్గ హాని ఎక్కువగా జరుగుతోందని, సంరక్షణపై వాళ్ల అసంతృప్తి కూడా ఎక్కువేనని 2003 నాటి అధ్యయనం చూపింది. గౌను వేసుకుని లోపలికి వెళ్లడం పెద్ద పని, కాబట్టి జనం తక్కువసార్లు వెళ్తారు. దాహం అడగలేని ముసలాయన, పక్క మార్చుకోలేని మనిషి ఆ తలుపు వెనకే ఉంటారు. లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఏమేం చూడాలి, ఏ పనులు కలిపి చేసుకోవాలి, ఆయనను ఎందుకు విడిగా ఉంచామో ఎలా చెప్పాలి అన్నవి కూడా క్లినికల్ పోస్టింగ్‌లో నేర్పాల్సిన పాఠాలే.

2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైందని అంచనా. వాటితో ముడిపడిన మరణాలు 49.5 లక్షలు. 2030 నాటికి వీటిని 10 శాతం తగ్గిస్తామని 2024లో ఐక్యరాజ్యసమితి ప్రకటన చేసింది. ఆ గడువు వచ్చేనాటికి వార్డుల్లో రాత్రి డ్యూటీ చేస్తుండేది ఇప్పుడు నర్సింగ్ చదువుతున్న విద్యార్థులే.